నీలం నీళ్ల కళ్లజోడు పెట్టుకుంటే తల తిరుగుడు పోతుందంటే నమ్మకండి

శ్రీకాకుళం చుట్టుపక్కల వాళ్లకి ముఖ్యంగా చెబుతున్నాను. వర్టిగోకి, అంటే తల తిరుగుడుకి, శాశ్వత పరిష్కారం అంటూ ఫోన్లో ఒక కళ్లజోడు ప్రకటన తిరుగుతోంది, అద్దాలుండవు, నాలుగు గుండ్రటి రింగులు, వాటిలో సగం దాకా నీలం రంగు నీళ్లు. నేను 2,400 రూపాయలు పెట్టి కొన్నాను. మీరు కొనకండి.

సంక్రాంతి ముందు నాకు లోపలి చెవి నరానికి వాపు వచ్చింది. మూడు రోజులు మంచం దిగలేదు, ఇల్లంతా గిర్రున తిరగడం, ఒకటే వాంతులు. అది తగ్గింది గానీ ఇంకో బాధ మిగిలింది. ఏడు రోడ్ల జంక్షన్లో నిలబడితే అటూ ఇటూ పోయే ఆటోలు చూసేసరికి నేనే ఊగుతున్నట్టుండేది, నాగావళి వంతెన మీంచి నీళ్లు చూస్తే పిట్టగోడ పట్టుకోవాల్సిందే, మా అమ్మాయి పక్కన కూర్చుని ఫోన్ పైకి జరుపుతున్నా కడుపులో తిప్పేది. ఆ టెన్షన్‌లో కొన్నాను.

అమ్మినతను "రోజంతా పెట్టుకోండి సార్, నలభై రోజుల్లో మందులు కూడా మానేయొచ్చు" అన్నాడు. తల కదిపినప్పుడల్లా కంటి చివర ఆ నీళ్లు ఊగుతాయి. రెండో రోజు స్నానానికి వెళ్తూ తూలి తలుపు పట్టుకున్నాను. ఫోన్ చేస్తే మొదట్లో అలాగే ఉంటుందన్నాడు, ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. బిల్లు లేదు, వాపసూ లేదు.

విశాఖలో ఫిజియోథెరపీ చేసే మేడమ్ చెప్పాక అర్థమైంది. అలాంటివి బస్సులో, పడవలో కడుపులో తిప్పేవాళ్ల కోసం చేసినవి. అక్కడ ఒళ్లు కదులుతోందని చెవికి తెలుస్తుంది, కళ్లకి తెలియదు, ఆ నీటి మట్టం కళ్లకి చూపిస్తుంది. మనది దానికి పూర్తిగా తిరగబడిన బాధ. చెవి దెబ్బతిన్నాక మెదడు కళ్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది, అందుకే ఎదురుగా ఏది కదిలినా మనమే కదిలినట్టుంటుంది. అలాంటి మనిషి కంటి ముందు ఇంకో కదలిక పెట్టి డబ్బు తీసుకున్నారు, నాకు కోపం అందుకే.

నాకు పనిచేసింది పైసా ఖర్చు లేనిది. చెయ్యి చాచి బొటనవేలి గోరు మీద చూపు నిలపాలి, వేలు కదలకూడదు, తల మాత్రం కుడికీ ఎడమకీ తిప్పాలి, గోరు మసకబారనంత వేగంతోనే. ఒక నిమిషం, రోజుకి నాలుగైదు సార్లు. మొదట్లో కాస్త తిరుగుతుంది, ఆ కాస్త తిరుగుడుతోనే మెదడు సర్దుకుంటుందట. తిరుగుడు ఆపే మాత్రలు కూడా మొదటి కొద్ది రోజులకే, నెలల తరబడి మింగితే ఆ సర్దుకోవడమే ఆలస్యమవుతుందన్నారు. ఆరు వారాలకి జంక్షన్ ఒక్కడినే దాటాను.

అయితే ముందు డాక్టరుకి చూపించుకోండి. పక్క మీద ఒత్తిగిలినప్పుడే తిరిగితే అది వేరు, దానికి తలను వరసగా తిప్పే వైద్యం ఉంది. మూడు నెలలు దాటినా నాకొచ్చినట్టు ఊగుతున్నట్టుండడం వదలకపోతే పీపీపీడీ అనే, తూలుడు ఎక్కువ కాలం ఉండిపోయే జబ్బు కావొచ్చు, దాన్ని ఎలా గుర్తించాలో ఈ తల తిరుగుడు జబ్బుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం బరానీ సొసైటీ 2017లోనే రాసింది, అడగండి. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, కాలో చెయ్యో బలం లేకుండా పడిపోయినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు కొరియర్ కవరు, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ పారేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టండి. నేను పెట్టాను.