ఐడిలింగ్‌లో వణికే పాత కారుకు బ్లూటూత్ స్కానర్: ఏళ్ల వాడకం తర్వాత

ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే సాకెట్‌కు) తగిలించి, రీడింగులు ఫోన్‌లో చూసుకునే బ్లూటూత్ స్కానర్‌ని నా పాత పెట్రోల్ కారులో ఏళ్ల తరబడి వాడుతున్నాను. కొన్నది ఒకే ఒక్క బాధ పడలేక. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణుకుతుంది, ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోతుందా అన్నంతగా ఆర్‌పీఎం పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైట్ మాత్రం వెలగదు. ఇలాంటప్పుడు కోడ్ (కంప్యూటర్ గుర్తుపెట్టుకునే లోపం నంబరు) చదవడానికని స్కానర్ కొంటే డబ్బు దండగ. కోడ్ ఉంటే కదా చదవడానికి! లైవ్ డేటా (ఇంజిన్ నడుస్తుండగా కనిపించే రీడింగులు) కోసమైతే మాత్రం నిస్సంకోచంగా కొనొచ్చు.

నేను ముందు చూసేవి రెండే అంకెలు: షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్ మాట విని కంప్యూటర్ పెట్రోల్ ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో ఇవి శాతాల్లో చూపిస్తాయి. ఇంజిన్ బాగా వేడెక్కాక రెండూ కలిపి సున్నాకి అటూ ఇటూ 10 లోపు ఉంటే కంగారు పడక్కర్లేదు. చాలా కార్లలో ఈ మొత్తం 25 దరిదాపులకు వెళ్తే గానీ పీ0171 కోడ్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని) పడదు. అందుకే లైట్ వెలగకుండానే బండి నెలల తరబడి విసిగిస్తుంది.

నా కారులో ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) లాంగ్ టర్మ్ 14, షార్ట్ టర్మ్ 8 ఉండేవి. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచితే రెండూ కలిపి 5కి దిగేవి. అంటే ఎక్కడినుంచో దొంగగాలి లోపలికి పోతోందన్నమాట. ఐడిలింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే కొంచెం కాబట్టి చిన్న లీకు కూడా పెద్ద తేడా చేస్తుంది. ఆర్‌పీఎం పెరిగాక అది లెక్కలోకి రాదు. అలాకాక, ఐడిలింగ్‌లో బాగానే ఉండి, ఇంజిన్ మీద భారం పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే ఫ్యూయల్ పంపునో, ఫిల్టర్‌నో, మురికిపట్టిన మాఫ్ సెన్సర్‌నో (లోపలికెళ్లే గాలిని కొలిచేది) అనుమానించాలి.

ఆ లీకు కోసం వెతికితే, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలి దారిలోకి పంపేది) పైనుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంది. కింది వైపు వేలు పెట్టి తడిమితే వంపు దగ్గర రబ్బరు మెత్తబడి, ఆయిల్ జిడ్డు మధ్య సన్నగా చీలి ఉంది. ప్లయర్‌కి గుడ్డ చుట్టి, గొట్టాన్ని మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే భాగం) వైపు చివర నొక్కగానే షార్ట్ టర్మ్ మైనస్‌లోకి జారింది, వణుకు తగ్గింది. లాంగ్ టర్మ్ అంత తొందరగా కదలదు, దాన్ని చూసి నిరాశపడొద్దు. లీకు కోసం కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టే అలవాటు చాలామందికి ఉంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది అంటుకుంటుందేమోనని నాకైతే ఆ ధైర్యం లేదు.

ఒక మెలిక ఉంది. మాఫ్ కాకుండా మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచేది) ఉన్న కార్లలో లీకు అయితే ట్రిమ్ ఇంత స్పష్టంగా మారదు. ఐడిల్ ఆర్‌పీఎం పెరగడమే అక్కడ కనిపించే గుర్తు.

గొట్టం మార్చినా ఏసీ వేస్తే ఆర్‌పీఎం పడిపోవడం ఆగలేదు. త్రాటిల్ బాడీ (ఇంజిన్‌కి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) విప్పితే, దారిని తెరిచి మూసే రేకు, అంటే బటర్‌ఫ్లై అంచు చుట్టూ నల్లటి మసి. దాన్ని తుడిచి, ఐడిల్ రీలెర్న్ (ఐడిలింగ్ ఎలా ఉండాలో కంప్యూటర్‌కి మళ్లీ నేర్పడం) చేశాక ఆ గొడవ వదిలింది. త్రాటిల్ మురికిగా ఉందని ఈ స్కానర్ ఎక్కడా చెప్పలేదు.

అరిగిపోయిన ఇంజిన్ మౌంటింగ్ (ఇంజిన్‌ని పట్టి ఉంచే రబ్బరు దిమ్మ) సంగతీ చెప్పదు. తెరమీద ఆర్‌పీఎం నిలకడగా ఉంటూ సీటు మాత్రం అదురుతుంటే ఫోన్ పక్కన పెట్టి మౌంటింగ్‌లు చూడటం మంచిది. మిస్సింగ్ (ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) పట్టుకోవడంలో కూడా పాత కార్లలో ఈ స్కానర్ అంతంత మాత్రమే. వాటిలో స్కానర్‌తో మాట్లాడే కే-లైన్ అనే తీగ వేగం 10.4 కేబీపీఎస్ మాత్రమే, కాబట్టి క్షణంపాటు వచ్చే తడబాటు గ్రాఫ్‌లో కనిపించకుండా పోతుంది. ఒకేసారి పది రీడింగులు పెట్టుకుంటే మరీ నత్తనడక. నేను మూడింటికి మించి పెట్టను.

కొనేటప్పుడు చూడాల్సింది: ఈఎల్ఎం327 (ఇలాంటి స్కానర్లలో ఉండే చిప్) వెర్షన్ 1.5 అని రాసి ఉన్నవన్నీ నకళ్లే, అసలు కంపెనీ ఆ నంబరుతో చిప్ తేనే లేదు. నకలైనంత మాత్రాన పనిచేయదని కాదు, నాదీ అదే బాపతు. అప్పుడప్పుడు కనెక్షన్ తెగిపోతుంది, పీకి పెడితే మళ్లీ దారికొస్తుంది. బండి కొన్నాళ్లు కదలదనుకుంటే మాత్రం తీసేసి ఉంచాలి. ఇంజిన్ ఆపి తాళంచెవి తీసేసినా పోర్టులో 16వ పిన్‌కి బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది.