అప్పుడప్పుడూ మొరాయించే సెల్ఫ్‌కి పసుపురంగు మల్టీమీటర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

నిన్న ఠక్కున అందుకున్న కారు ఇవాళ 'టక్'మని ఊరుకుంటే మా ఒంగోలు, నెల్లూరు వైపు మొదట వినపడే మాట "బ్యాటరీ మార్చేయండి" అనే. కొత్త బ్యాటరీ వేసిన పది రోజులకి మళ్లీ అదే 'టక్' వినపడిందంటే ఆ డబ్బు దండగే. ఆ ఖర్చు పెట్టేముందు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే చిన్న పసుపురంగు డిజిటల్ మీటరు ఒకటి చేతిలో ఉండాలి. నాలుగేళ్లుగా కార్ల మీద దీన్నే వాడుతున్నాను. కొనదగ్గ వస్తువే, కానీ ఎప్పుడు చదవాలో తెలియకపోతే తప్పుదారి పట్టిస్తుంది.

డయల్‌ని డీసీ వోల్టుల 20 మీద పెట్టి, రాత్రంతా ఆగిన కారు బ్యాటరీ చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి వచ్చిందంటే సగం ఖాళీ. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఉత్తప్పుడు 12.6 చూపించే బ్యాటరీ కూడా ఇంజనుని తిప్పే సెల్ఫ్ మోటారు నూట యాభై ఆంపియర్లు లాగేసరికి కుప్పకూలవచ్చు. అందుకే ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు మీటరు చూడాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి, మీటరు వైర్లు ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి. తిప్పినప్పుడు 9.6 కంటే దిగిపోతే బ్యాటరీనో, బిగుసుకున్న సెల్ఫ్‌నో అనుమానించండి. 12.5 దగ్గరే కదలకుండా నిలిచిపోయిందంటే సెల్ఫ్‌కి కరెంటే పోవడం లేదు, దారిలో ఎక్కడో తెగింది. ఆ రెండో రకం కార్లకే ఎక్కువగా అనవసరంగా బ్యాటరీలు మారుస్తున్నారు.

ఈ మీటరు డబ్బు రాబట్టేది ఎర్త్ పరీక్షలో, అంటే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజనుకి వెళ్లే వైరు పరీక్షలో. నల్ల ప్రోబు (మీటరు వైరు చివరి ముల్లు) బ్యాటరీ నెగటివ్ సీసం ముక్క మీదే ఆనించాలి, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద కాదు. ఎర్ర ప్రోబు ఇంజను బ్లాకు మీద మట్టి గీకిన చోట ఆనించాలి. తాళం తిప్పినప్పుడు 0.2 వోల్టుల లోపు రావాలి. 0.5 దాటితే ఎర్త్ వైరులోనే జబ్బు. కొత్తపట్నం, మైపాడు లాంటి ఒడ్డు ఊళ్లలో, ఉప్పుగాలికి నిలబడే కార్లలో ముందు చూడాల్సింది ఇదే. పైనుంచి వైరు నల్లగా నిగనిగలాడుతుంది. లగ్గు (వైరు చివర బోల్టుకి బిగించే రింగు) దగ్గర తొడుగు వెనక్కి లాగితే రాగి తీగలు ఆకుపచ్చ పొడి పట్టి, వేలితో నలిపితే రాలిపోతాయి. మిగిలిన నాలుగు తీగల మీదే రోజూ బండి స్టార్ట్ అవుతుంటుంది.

ఇలాంటి వైరుని ఓమ్స్‌లో (కరెంటుకి ఎంత అడ్డుందో చూపే అమరికలో) కొలిచి "బాగుంది" అనుకోవద్దు. ప్రోబులు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే ఈ మీటరు 0.3 వరకు చూపిస్తుంది. ఓములో యాభయ్యో వంతు అడ్డు ఉంటే చాలు, 150 ఆంపియర్ల దగ్గర 3 వోల్టులు అక్కడే ఆవిరి. అంత చిన్న తేడా దీనికి కనపడదు. సెల్ఫ్ తిప్పుతూ కొలిచిన వోల్టులకే కనపడుతుంది.

పాజిటివ్ వైపు కూడా ఇదే పద్ధతి: బ్యాటరీ పాజిటివ్ నుంచి సెల్ఫ్ మీదున్న లావు బోల్టు దాకా 0.5 మించకూడదు. తర్వాత సోలినాయిడ్‌కి (సెల్ఫ్ మీదుండే అయస్కాంతపు స్విచ్‌కి) వచ్చే సన్న వైరు. తాళం తిప్పితే అక్కడ 10 వోల్టుల పైన రావాలి. రాకపోతే తాళం స్విచ్, స్టార్టర్ రిలే, క్లచ్ పెడల్ స్విచ్ చూడండి. అదే నంబరున్న ఇంకో రిలే ఫ్యూజు బాక్సులో ఉంటే మార్చి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష. వోల్టులు వస్తున్నా తిరగలేదంటే సెల్ఫ్ మోటారు దించాల్సిందే. స్పానరుతో మెల్లగా తట్టగానే తిరిగితే చాలావరకు మోటారు లోపలి కార్బన్లు (బ్రష్‌లు) అరిగినట్టు. రోహిణి కార్తె ఎండలో వేడి ఇంజను మీదే మొరాయించి, అరగంట చల్లారాక అందుకునేవాటిలో సోలినాయిడ్‌ని కూడా అనుమానించాలి.

ఇవన్నీ బండి మొరాయించిన ఆ నిమిషంలో చేస్తేనే ఫలితం. బాగున్నప్పుడు కొలిస్తే అంతా బాగానే వస్తుంది. అందుకే మీటరు ఇంట్లో కాదు, కారులోనే ఉండాలి. మొసలి క్లిప్పులు రెండు కొనుక్కుంటే ఒంటరిగా ఉన్నప్పుడు చాలా సాయం.

ఇక లోపాలు. అంకెలు సెకనుకి రెండు మూడుసార్లే మారతాయి, అట్టడుగుకి దిగిన క్షణం దీనికి అందదు. ఇంజను అందుకోకుండా ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, మూడు నాలుగు సెకన్లు తిప్పి చదవాలి. కనిష్ఠాన్ని పట్టి ఉంచే మీటరు కొనగలిగితే అదే మేలు. 10 ఆంపియర్ల సాకెట్‌కి ఫ్యూజు లేదని మీటరు ముఖం మీదే రాసి ఉంటుంది. ఎర్ర వైరు అందులో మర్చిపోయి ప్రోబులు బ్యాటరీ రెండు కొసలకీ ఆనిస్తే వైర్లు కాలిపోతాయి. రాత్రి బ్యాటరీ దిగిపోతున్న కార్లకి లీకేజీ కొలిచేది ఆ సాకెట్‌లోనే, బ్యాటరీ నెగటివ్ కేబులు విప్పి దానికీ బ్యాటరీకీ మధ్య మీటరు కట్టి. కారు లాక్ చేసి నలభై నిమిషాలు ఆగాక 0.05 ఆంపియర్ల లోపు ఉండాలి, మీటరు అలా కట్టి ఉండగా తాళం తిప్పకూడదు. మీటరుని ఆపడం మర్చిపోతే దానంతట అది ఆగదు, లోపలి 9 వోల్టుల బ్యాటరీ అయిపోతుంది. అది బలహీనపడితే అంకెలు ఎక్కువ చూపిస్తుంది, 13.2 కనపడినా నమ్మలేం. వేసవిలో డ్యాష్‌బోర్డు మీద పెడితే తెర నల్లబడుతుంది. ప్రోబు వైర్లు మొదలు దగ్గర తెగుతాయి, నేను రెండుసార్లు మార్చాను.

సెల్ఫ్ జోరుగా తిరుగుతూ ఇంజను అందుకోకపోతే ఈ మీటరుతో పెద్దగా పని లేదు. డ్యాష్‌బోర్డులో తాళం బొమ్మ దీపం మిణుకుతోందా (మిణుకితే తాళాన్ని కారు గుర్తుపట్టనట్టు), తాళం ఆన్‌కి తిప్పగానే వెనక ఫ్యూయల్ పంపు రెండు సెకన్లు 'గుయ్'మందా చూసుకోండి. రెండూ సరిగ్గా ఉండి, వేడెక్కితే ఆగి చల్లారితే అందుకుంటుంటే క్రాంక్ సెన్సర్ (ఇంజను తిరగడాన్ని కంప్యూటర్‌కి చెప్పేది) వైపు చూడాలి. దానికి స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గరికే తీసుకెళ్లండి, ఇంజను వేడిగా ఉన్నప్పుడే.