దెగ్లూర్ ఎండుగడ్డి దుకాణం: లూసర్న్ బాగుంది, పిండిలా కొట్టిన చొప్ప వద్దు

గొర్రెలున్నవాళ్లు ఎవరైనా మద్నూర్ దాటి మహారాష్ట్రలోని దెగ్లూర్ వైపు వెళ్తే, రోడ్డు మీదే ఉన్న ఎండుగడ్డి దుకాణం ఒకసారి చూడండి. పేరు రాయట్లేదు. దుకాణంలో తెలుగు మాట్లాడతారు, భాషకి ఇబ్బంది లేదు.

నాకు బాగా నచ్చింది లూసర్న్, అంటే పప్పుజాతి పశుగ్రాసం, ఎండబెట్టి కట్టలు కట్టింది. అడిగితే కట్ట విప్పి చూపిస్తారు, అది చాలా ముఖ్యం, ఎందుకంటే లూసర్న్‌లో ప్రోటీన్ ఎక్కువగా ఉండేది ఆకులోనే, ఎక్కువ ఎండి ఆకంతా రాలిపోతే లూసర్న్ రేటుకి కట్టెపుల్లలు కొన్నట్టే. ఇక్కడి కట్టల్లో ఆకు ఉంది, రంగు పచ్చగా ఉంది, బూజు వాసన లేదు.

జొన్న చొప్ప కూడా శుభ్రంగా ఉంది, కాని అదొక్కటే వేసి ఊరుకోవద్దు. చొప్పలో ప్రోటీన్ 4, 5 శాతం దగ్గరే ఉంటుంది. మొత్తం మేతలో 7 శాతం కన్నా తగ్గితే పొట్టలో పీచుని అరిగించే సూక్ష్మజీవులకి నత్రజని చాలదు, తిన్నది లోపలే నిలిచిపోతుంది, పొట్ట ఖాళీ కాకపోతే గొర్రె మళ్లీ ఏం తింటుంది? పొట్ట నిండుగా కనిపిస్తుంది, వెన్ను మీద చెయ్యి పెడితే ఎముకలే. చొప్పతో పాటు కొంచెం లూసర్న్ వేస్తే ఆ చొప్ప కూడా బాగా అరుగుతుంది. మా దొడ్డిలో తొట్టి అడుగున మిగిలేది తగ్గింది. కాకపోతే మేత ఒక్కసారిగా మార్చకండి, వారం పది రోజుల మీద మెల్లగా మార్చండి.

నచ్చనిది వాళ్ల సలహా. "ఎంత వేస్తే అంత ఒంటబడుతుంది" అని చెప్పి అమ్ముతున్నారు. అలా కాదు. ఎక్కువ తినేకొద్దీ మేత పెద్ద పొట్టలోంచి తొందరగా జారిపోతుంది, పీచు అరిగేంత టైమ్ ఉండదు, కిలో మేతకి ఒంటబట్టేది తగ్గుతుంది. పాలిచ్చే తల్లులకి, బరువు పెరగాల్సిన పొట్టేళ్లకి కడుపునిండా పెట్టాల్సిందే, అక్కడ ఆ నష్టం లెక్కలోకి రాదు. వట్టిపోయిన గొర్రెలకి మాత్రం ఖరీదైన లూసర్న్ గుమ్మరించడం దండగ. 30 కిలోల గొర్రెకి రోజుకి అటూఇటూగా కిలో ఎండు మేత చాలు.

పిండిలా కొట్టిన చొప్ప బస్తాలు కూడా అంటగడతారు, తీసుకోకండి. సన్న పొడి ఇంకా తొందరగా జారిపోతుంది, గొర్రె నెమరు వేయడం తగ్గుతుంది, లాలాజలం తగ్గి పొట్టలో పులుపు పెరుగుతుంది. వేలెడు ముక్కలుగా కొట్టమంటే కొట్టిస్తారు, అదే అడగండి.

వానాకాలంలో కట్ట మధ్యలోకి చెయ్యి పెట్టి చూశాకే కాటాకి ఎక్కించండి, తడి తగిలితే వద్దు. టార్పాలిన్ మీరే తీసుకెళ్లాలి, కప్పకుండా ఆటోలో వేస్తే లూసర్న్ ఆకు సగం దారిలోనే రాలిపోతుంది.