క్లూనీ: లేని చర్చిని చూపించే ఊరు

ఫ్రాన్స్ వెళ్లే మనవాళ్లు పారిస్ చూసి, అట్నించి అటే స్విట్జర్లాండ్ రైలెక్కేస్తారు. వైజాగ్ నుంచి అంత దూరం వెళ్తున్నారు కదా, మధ్యలో ఒక్క రోజు క్లూనీకి ఇవ్వండి. నేను ఐదుకి నాలుగున్నర మార్కులు వేస్తున్నాను.

బర్గండీ ప్రాంతంలో సుమారు 5 వేల మంది ఉండే ఊరు ఇది. 910లో అక్విటేన్ డ్యూక్ విలియం తన భూమిని సన్యాసులకి రాసిచ్చేశాడు. తనకి గానీ తన వారసులకి గానీ దాని మీద ఏ పెత్తనమూ ఉండదని, మఠం పోప్ రక్షణలోనే ఉంటుందని పత్రంలోనే రాయించాడు. చుట్టుపక్కల ప్రభువుల జోక్యం లేకపోయేసరికి మఠం ఎదిగి, యూరప్ అంతటా వెయ్యికి పైగా శాఖలు వేసింది. మఠంలో ఉండే సన్యాసులకి వండాలి, కట్టడాలు కట్టాలి, వచ్చే యాత్రికులకి బస చూపించాలి. ఆ పనులవాళ్లంతా మఠం గోడ పక్కనే ఇళ్లు కట్టుకుంటే అదే ఊరయింది. 12వ శతాబ్దపు ఇళ్లు ఇప్పటికీ వీధిలో నిలబడి ఉన్నాయి. కింద కొట్టు, పైన సన్నటి రాతి స్తంభాల మధ్య వరసగా కిటికీలు. చూడాలంటే తలెత్తి నడవాలి.

1088లో హ్యూ అనే మఠాధిపతి మొదలుపెట్టించిన చర్చి పొడవు 187 మీటర్లు. రోమ్‌లో సెయింట్ పీటర్స్‌ని కొత్తగా కట్టేదాకా క్రైస్తవ ప్రపంచంలో ఇంతకంటే పెద్దది లేదు. ఫ్రెంచి విప్లవం తర్వాత 1798లో వ్యాపారులకి అమ్మేశారు. వాళ్లు 1823 దాకా మందుగుండు పెట్టి పేల్చుకుంటూ, రాయిని రాయిగా అమ్ముకున్నారు. నెపోలియన్ హయాంలో పెట్టిన గుర్రాల శాల కూడా ఆ రాళ్లతోనే లేచింది. ఇప్పుడు మిగిలింది పదో వంతు కూడా కాదు. శిలువ ఆకారపు చర్చికి అడ్డంగా ఉండే భాగంలో దక్షిణం వైపు భుజం, దాని మీద ఎనిమిది పలకల గంట గోపురం, అంతే.

మరి ఏం చూడాలంటారా? అక్కడే వాళ్ల గొప్పతనం. లేనిదాన్ని దాచిపెట్టకుండా చూపిస్తారు. ముందు మ్యూజియంలో మఠం నమూనా చూస్తాం. తర్వాత త్రీడీ సినిమాలో పూర్తి చర్చి కళ్లముందు లేస్తుంది. బయటికొస్తే, నిలబెట్టిన తెరని ఇటూ అటూ తిప్పుకోవచ్చు. తెరలో స్తంభాలు, పైకప్పు ఉంటాయి, తెర పక్క నుంచి చూస్తే అదే చోట గడ్డి, పునాదిరాళ్లు. 1928 నుంచి ఏళ్ల తరబడి ఇక్కడ తవ్వించి కొలతలు తీసిన అమెరికన్ ఆచార్యుడు కెనెత్ కోనెంట్ పని లేకపోతే ఇదేదీ ఉండేది కాదు. పాత మఠం భవనాల్లో 1901 నుంచి ఆర్ట్ ఎ మెతియే ఇంజనీరింగ్ స్కూల్ నడుస్తోంది. సన్యాసులు తిరిగిన వసారాల పక్కనే కుర్రాళ్లు మెకానికల్ చదువుతున్నారు. నాకది ఎంతో నచ్చింది. పాత కట్టడానికి పని ఉంటేనే దానికి ప్రాణం ఉంటుంది.

షిప్‌యార్డులో డ్రాయింగులు గీసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఫారినియే అనే పిండి కొట్టు గురించి కాస్త ఎక్కువే రాస్తాను. 13వ శతాబ్దానిది. పై అంతస్తులో పైకప్పు చెక్కపని చూస్తే ఫిషింగ్ హార్బర్లో కడుతున్న మరపడవని తిరగేసి తల మీద పెట్టినట్టుంది. అవే వంకీలు, అంతే దగ్గర దగ్గరగా. అతుకుల దగ్గర ఆగి చూడండి, దూలం కొసని ఎలా కోసి ఎందులో దిగేశారో కింద నుంచే తెలుస్తుంది. ఆ కప్పు కిందే కూలిన చర్చి గర్భం నుంచి దొరికిన స్తంభాల తలలు అర్ధచంద్రాకారంలో నిలబెట్టారు. రెండింటి మీద మఠ సంగీతంలోని 8 స్వరరీతుల్ని బొమ్మలుగా చెక్కారు. ఒకాయన కూర్చుని ఒళ్లో తంత్రీవాద్యం పెట్టుకుని మీటుతుంటాడు. కంటి ఎత్తులోనే ఉండడంతో ఉలి ఎటు నుంచి నడిచిందో కూడా కనబడుతుంది. చర్చి నిలిచి ఉన్న రోజుల్లో ఇవి అంత ఎత్తున ఉండేవి, కింద నుంచి ఎవరికి కనబడేవో!

అక్కడ ఉన్నంతసేపూ నాకు తొట్లకొండ గుర్తొస్తూనే ఉంది. 1976లో నేవీ విమాన సర్వేలో బయటపడి, 1988 నుంచి తవ్విన మన బౌద్ధ విహారం. భీమిలి రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా. క్లూనీ మఠం పుట్టేసరికి అది ఖాళీ అయి ఎన్నో శతాబ్దాలయింది. అక్కడా మిగిలింది పునాదులే. ఒక్క నమూనా, ఒక్క తెర పెడితే, ఆదివారం కొండెక్కే పిల్లలకి భిక్షువులు ఏ గదిలో పడుకున్నారో, వాన నీళ్లు ఏ తొట్టిలో పట్టుకున్నారో అర్థమవుతుంది. మన ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవా? ఈ పని ఎవరైనా తలకెత్తుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అర మార్కు తగ్గించింది భోజనం దగ్గర. మధ్యాహ్నం రెండు దాటితే వంటిళ్లు మూసేస్తారు. మేం వెళ్లిన హోటల్లో శాకాహారం అంటే మేక చీజ్ వేసిన సలాడ్ ఒక్కటే ఉంది, అదీ ఆలస్యంగా వచ్చింది. పెరుగన్నం అలవాటైనవాళ్లు ఏదైనా కట్టుకెళ్లడం మంచిది. బస్సులు కూడా తక్కువ. లియాన్ నుంచి మాకోన్‌కి రైలు, అక్కణ్ణించి బస్సు. తిరుగు బస్సు టైము ముందే ఫోటో తీసి పెట్టుకోండి.

ఫ్రాన్స్‌లో చదువుకుంటున్న మన పిల్లలకి 26 ఏళ్లు నిండకపోతే మఠం టికెట్ ఉచితం, రెసిడెన్స్ కార్డు చూపిస్తే చాలు. మా అమ్మాయి అలాగే వచ్చింది. ఓపికుంటే ఊళ్లో తూర్ దె ఫ్రోమాజ్ అనే బురుజు ఎక్కండి. మోకాళ్లు నొప్పులున్నవాళ్లకి మెట్లు కష్టమే గానీ, మిగిలిన గోపురానికీ ముఖమంటపం పునాదులకీ మధ్య ఎంత దూరముందో పై నుంచే తెలుస్తుంది. శనివారం పొద్దున సంత ఉంటుంది, ఆ రోజు చూసుకుని వెళ్తే తిండి సమస్యా కొంత తీరుతుంది.