మిద్దెతోటల సైటుకు యాడ్‌సెన్స్: రెండేళ్లు వాడి చూశాక

మిద్దెతోటలు పెంచే మేం కొందరం కలిసి నడుపుకుంటున్న తెలుగు వెబ్‌సైటుకు ఏటా సర్వర్ అద్దె, డొమైన్ రుసుము కట్టాలి. ఆరేళ్లపాటు ఆ ఖర్చును ముగ్గురం పంచుకున్నాం. సభ్యులు పెట్టే మొక్కల ఫొటోలు పెరిగి, ఉన్న చోటు చాలక పెద్ద ప్లానుకు మారవలసి వచ్చేసరికి అది మా శక్తికి మించిపోయింది. సభ్యత్వ రుసుము పెడదామంటే, ఒక్క కుండీలో టమాటా నారు వేసి ఆకుముడత గురించి అడగడానికి వచ్చే కొత్తవాళ్లు గుమ్మంలోనే ఆగిపోతారని భయం. చివరికి, సైట్లలో ఇతరుల ప్రకటనలు చూపించి వచ్చిన సొమ్ములో వాటా ఇచ్చే గూగుల్ సేవ యాడ్‌సెన్స్ ద్వారా ప్రకటనలు పెట్టుకున్నాం. మా వంటి అభిరుచి సైట్లు నడిపేవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. సర్వర్ ఖర్చు రాబట్టుకోవడానికి ఇది మంచి సాధనమే, కానీ ప్రకటన ఎక్కడ రావాలో, ఎక్కడ రాకూడదో మనం కూర్చుని నిర్ణయించుకోకపోతే సైటు మీద చదువరులకున్న నమ్మకం దెబ్బతింటుంది.

2003లో మొదలైన యాడ్‌సెన్స్, తాను అనుమతించే భాషల్లో తెలుగును 2018లో చేర్చింది. ఒకప్పుడు ప్రధానంగా ఎవరైనా ప్రకటనను నొక్కితే డబ్బు వచ్చేది. 2024 తొలి నెలల నుంచి ప్రకటన కనిపించినదాన్ని బట్టి లెక్క కడుతున్నారు. ప్రకటనదారు గూగుల్ సొంత వేదిక ద్వారా కొన్నప్పుడు, ఆయన ఖర్చు పెట్టినదానిలో సుమారు 68 శాతం సైటుకు చేరుతుందని సంస్థ చెబుతోంది. ఖాతాలో 100 డాలర్లు నిండితేనే సొమ్ము బ్యాంకుకు వస్తుంది. మాకు మొదటి 100 డాలర్లు నిండడానికి పదకొండు నెలలు పట్టింది. తొలకరి సమయంలో, శీతాకాలపు కూరగాయల విత్తనాలు వేసే రోజుల్లో చదివేవాళ్లు పెరుగుతారు. ఎండాకాలంలో బాగా తగ్గుతారు. దీనిమీద ఆదాయం సంపాదిద్దామనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఖాతాలో 10 డాలర్లు చేరాక చిరునామా ధ్రువీకరణ కోసం ఆరంకెల పిన్‌ను పోస్టులో పంపుతారు. నాలుగు నెలల్లోగా ఆ అంకెలు నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. మా ఇంటి నంబరు గీతలతో, అడ్డగీతలతో కలిసి పొడుగ్గా ఉంటుంది కనుక ఉత్తరం చేరుతుందో లేదోనని పోస్టుమ్యాన్‌కు ముందే చెప్పి ఉంచాను. మూడు వారాలకు ఆయనే చేతికిచ్చి, "ఇదేనా సార్ మీరడిగింది" అన్నారు. అంచులు చించి విప్పే పల్చటి కాగితం అది. దరఖాస్తులో చిరునామా రాసేటప్పుడు పోస్టుమ్యాన్‌కు అర్థమయ్యే గుర్తు ఒకటి చేర్చడం మంచిది.

ఇక ప్రకటనల అమరిక దగ్గరికి వస్తాను, ఎందుకంటే మేము నేర్చుకున్నదంతా అక్కడే ఉంది. ఆటో యాడ్స్ అనే సదుపాయాన్ని ఆన్ చేస్తే, పేజీలో ప్రకటనలు ఎక్కడ రావాలో యంత్రమే ఎంచుకుంటుంది. ఎన్ని రావాలో తగ్గించుకోవడానికీ, కొన్ని పేజీలను మినహాయించడానికీ అందులోనే వీలుంది. మేము ప్రకటనల సంఖ్యను నిర్ణయించే మీటను గరిష్ఠంలో ఉంచి, మినహాయింపులేవీ పెట్టకుండా వదిలేశాం. మందారకు పట్టే పిండినల్లి గురించి ఒక సభ్యురాలు ఎంతో ఓపికగా రాసిన పేజీ మా సైటులో ఉంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కొద్దిగా సబ్బుద్రావణం అని కొలత చెప్పిన వాక్యానికీ, సాయంత్రం చల్లబడ్డాక ఆకుల అడుగున పడేలా పిచికారీ చేయాలన్న వాక్యానికీ మధ్యలో ఒక రసాయన పురుగుమందు ప్రకటన వచ్చి కూర్చుంది. రెండోనాడు కొత్త సభ్యుడొకరు, "మీరు బొమ్మలో చూపించిన మందును లీటరుకు ఎంత కలపాలండీ?" అని అడిగారు. ప్రకటనను ఆయన మా సలహాలో భాగమనుకున్నారు. ఇంట్లో పిల్లలు తినే ఆకుకూరలకు అందరూ మా మాట నమ్మి మందు కొడతారు. తప్పు మాదే కనుక ఆ రోజే ప్రకటనలన్నీ ఆపి, ఆయనకు ఫోన్ చేసి వివరించాం.

తర్వాత పదిరోజులు కూర్చుని అమరిక మార్చాం. చీడపీడల పేజీలన్నిటినీ మినహాయించాం. మిగిలిన పేజీల్లో వ్యాసం పూర్తయ్యాక ఒక్క ప్రకటన, పైన "ప్రకటన" అన్న మాట స్పష్టంగా ఉండేలా పెట్టాం. ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లేటప్పుడు తెరంతా నిండే రకాన్నీ, తెర అడుగున అంటిపెట్టుకుని ఉండే రకాన్నీ తీసేశాం, ఎందుకంటే ఫోన్‌లో చదివే పెద్దవాళ్లకు వాటిని మూసే గుర్తు కనిపించడం లేదు. జ్యోతిషం, బరువు తగ్గించే ఉత్పత్తులు, డేటింగ్, త్వరగా ధనవంతులు కావడం వంటి వర్గాలను నిరోధించే సదుపాయాన్ని యాడ్‌సెన్స్ ఇస్తుంది. ఫలానా ప్రకటనదారు చిరునామా మాత్రమే వద్దనుకున్నా నిరోధించవచ్చు. వచ్చిన ప్రకటనలను ఒక్కొక్కటిగా చూసి తీసేసే పేజీ కూడా ఉంది. వారానికి పావుగంట దీనికి కేటాయించాలి. ఈ సేవలో నాకు బాగా నచ్చిన భాగం ఈ నియంత్రణే. ఆదాయం తగ్గిన మాట నిజమే, అయినా అద్దెకు సరిపోయింది.

మరో జాగ్రత్త సభ్యులకు ముందుగా చెప్పడం. తెనాలిలో ఉండే విశ్రాంత ఉపాధ్యాయురాలొకరు ఒకరోజు ఫోన్ చేసి, "పొద్దున్నే మొక్కలకు నీళ్లు పోసి, మన సైటు తెరిచి నాలుగు ప్రకటనలు నొక్కుతున్నా బాబూ, మనకు నాలుగు డబ్బులు వస్తాయని" అన్నారు. ఆవిడ ప్రేమకు నాకు గొంతు పట్టేసింది. కానీ ఇలా సాయం కోసం నొక్కడాన్ని చెల్లని క్లిక్కులుగా లెక్కించి సొమ్ము తగ్గిస్తారు, ఖాతానే నిలిపివేయవచ్చు కూడా. "అలా నొక్కకండి మేడం, మీరు మీ బెండ మొక్క ఫొటోలు పెడితే చాలు" అని చెప్పి, అదే విషయాన్ని సభ్యులందరికీ తెలియజేశాం. నిర్వాహకులు తమ ప్రకటనలను తామే నొక్కడం కూడా నిషిద్ధమే.

జర్మనీ, బ్రిటన్ వంటి చోట్ల ఉన్న తెలుగువారు మీ సైటుకు వస్తుంటే, 2024 జనవరి నుంచి ప్రకటనల కోసం వారి సమాచారం వాడుకోవడానికి గూగుల్ ధ్రువీకరించిన పద్ధతిలో అనుమతి అడిగే పెట్టెను వారికి చూపించాలి. దాన్ని యాడ్‌సెన్స్‌లోనే ఉచితంగా తయారు చేసుకోవచ్చు.

డబ్బు ఎవరి పేరున వస్తుందన్నది మాత్రం తేలికగా తీసుకోవద్దు. మా బృందం రిజిస్టరైన సంఘం కాదు కనుక ఖాతా నా పేరున ఉంది. డాలర్లలో వచ్చిన సొమ్మును రూపాయల్లోకి మార్చినందుకు బ్యాంకు తీసుకునే రుసుము పోగా మిగిలినది నా ఆదాయంగానే ఆదాయపు పన్ను రిటర్నులో చూపిస్తున్నాను. అది సభ్యుల సొమ్మని నాకు తెలుసు కాబట్టి మూడు నెలలకోసారి వచ్చినదీ, ఖర్చయినదీ రాసి, బ్యాంకు పత్రంతో సహా సైటులో పెడుతున్నాను. ఈ ఏడాది సర్వర్ అద్దె ముందుగానే సమకూరింది. మిగతా నెలల్లో ఏం చేద్దామని సభ్యులను అడిగితే, విత్తనాలు ఇచ్చిపుచ్చుకునే పేజీల్లో ప్రకటనలు తీసేయమన్నారు. తీసేశాం.