చేత్తో పితకాలా, మెషీన్ పెట్టాలా: పొదుగుకి ఏది మేలు?

కొత్తగా ఆవులు కొన్నవాళ్ళంతా నన్ను ఒకటే అడుగుతున్నారు: "మెషీన్ పెడితే పొదుగు పాడవుతుందట కదా?" ఆ భయం నాకూ ఉండేది. కొన్నేళ్ళు చేత్తో పితికి, ఆ తర్వాతే మెషీన్‌కి మారాను.

చేత్తో పితికితే చన్ను ఖాళీ అయిన సంగతి వేళ్ళకి వెంటనే తెలుస్తుంది. చిక్కంతా ఆ చేయి ఎవరిదన్నదే. అరచేతితో నిండుగా పట్టి పిండితే ఇబ్బంది లేదు. కానీ చాలామంది బొటనవేలు లోపలికి మడిచి కణుపుతో నొక్కుతారు. పాలు గబగబా వస్తాయి, చన్ను లోపలి పొర మాత్రం నలుగుతుంది. పైగా ఒక ఆవుకి పొదుగువాపు (మాస్టైటిస్ అనే రోగం) ఉంటే అదే చేయి దాన్ని పక్క ఆవుకి అంటిస్తుంది. వేళ్ళని పాలతో తడుపుకుంటూ పితికేవాళ్ళయితే ఇక చెప్పక్కర్లేదు.

మెషీన్ ప్రతి పూటా ఒకేలా పితుకుతుంది. సరిగ్గా అమర్చకపోతే తప్పు కూడా ప్రతి పూటా ఒకేలా చేస్తుంది.

నా లెక్కలో అసలు తేల్చేది చేపు, అంటే ఆవు పాలని కిందికి వదలడం. పొదుగులోని పాలలో దాదాపు అయిదింట నాలుగు వంతులు పైన సన్నటి గదుల్లో ఉంటాయి. ఆవు చేపితేనే కిందికి దిగుతాయి. చన్నులు తుడిచి నాలుగు ధారలు తీశాక, చేపుని తెచ్చే హార్మోన్ ఆక్సిటోసిన్ రక్తంలో కలిసి పొదుగుకి చేరడానికి నిమిషం, నిమిషంన్నర పడుతుంది. చేత్తో పితికేటప్పుడు ఈ ఆలస్యం పెద్ద సమస్య కాదు, చేయి తగలడమే చేపుకి పిలుపు. మెషీన్ దగ్గర మనం తొందరపడతాం. తుడిచీ తుడవగానే కప్పులు తగిలిస్తే అడుగున ఉన్న కాసిని పాలు వచ్చేసి, తర్వాత ఖాళీ చన్నుని వాక్యూమ్ లాగుతూ ఉంటుంది. పాలు అయిపోయాక కప్పులు తీయకపోయినా అదే కథ. ఫోన్ మాట్లాడుతూ నేనే ఎన్నోసార్లు మర్చిపోయాను. అలా లాగగా లాగగా చన్ను కొస గరుకెక్కుతుంది, రంధ్రం సరిగ్గా మూసుకోదు, క్రిములకి తలుపు తెరిచినట్టే.

అప్పుడు వచ్చే పొదుగువాపు చాలాసార్లు కంటికి కనపడదు. వాపు ఉండదు, పాలు విరగవు, దిగుబడి మాత్రం తగ్గుతుంది. మనం దాణా మీద అనుమానపడతాం. పాలలో సొమాటిక్ సెల్స్ (ఎక్కువగా క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలు) మిల్లీలీటరుకి 2 లక్షలు దాటితే ఆ ఆవుని అనుమానించాల్సిందే. నాలుగు గుంటల ప్లేటులో చేసే కాలిఫోర్నియా టెస్టుకి రెండు నిమిషాలు చాలు, ఏ చన్నులో తేడా ఉందో తెలిసిపోతుంది.

మరి ఏది? నాలుగైదు ఆవులే ఉండి, పితికే మనిషి ఒకరే అయి, ఆ చేయి మంచిదైతే మెషీన్ కోసం పరుగెత్తక్కర్లేదు. అంతకు మించితే నా ఓటు మెషీన్‌కే. పదో ఆవు దగ్గరికి వచ్చేసరికి ఏ చేయీ మొదటి ఆవు దగ్గర ఉన్నట్టు ఉండదు. కాకపోతే కప్పుల లోపల చన్నుని పట్టుకునే రబ్బరు లైనర్ల లెక్క రాసుకోగలగాలి. దాదాపు 2500 సార్లు పితికాక వాటి పని అయిపోయినట్టే. ఒకే యూనిట్‌తో పది ఆవులకి రెండు పూటలా అంటే నాలుగు నెలలు. చినిగిపోలేదు కదా అని ఏడాది వాడేవాళ్ళు మెషీన్‌ని తిట్టుకుని లాభం లేదు.

 

ఎలా పితికినా చన్నులని అయోడిన్ మందులో ముంచి, అరగంట పాటు ఆవు పడుకోకుండా ముందు మేత వేయండి. మెషీన్ వాడేవాళ్ళు ఇంకొకటి చేయాలి: కప్పులు తీసిన వెంటనే వంగి చన్నులని చూడండి. నీలంగా మారినా, పైన ఉంగరంలా గాటు పడినా, ఆ పూట ఎక్కువసేపు ఉంచేశారు, లేదా వాక్యూమ్ చూపించుకోవాలి.