తలకోన దారిలో అవ్వ బుట్ట

జూన్ మొదటి వారంలో తిరుపతి నుంచి తలకోన వెళ్ళాం. నేను, మా ఆవిడ, పాప, మా బావ. కారు బాడుగ 3,200. భాకరాపేట ఘాట్ బాగుంది, 270 అడుగుల జలపాతం సన్నగా పడుతోంది, సిద్ధేశ్వరస్వామి దర్శనం అయిదు నిమిషాల్లో అయింది.

కడుపు మండింది బస దగ్గర. ఫోన్లో గది 1,800 అన్నవాళ్ళు, దిగాక శనివారం రేటని 2,300 గుంజారు. అదైనా ఓర్చుకున్నాను. "అడవి కూరలు, అడవి పండ్లతో భోజనం, మనిషికి 350" అన్నందుకే ఆ చోటు ఎంచుకున్నాం. తీరా కూర్చుంటే పనీర్ కూర, ఫ్రైడ్ రైస్, నాలుగు పుచ్చకాయ ముక్కలు. అడిగితే, "ఇది కూడా పండే కదా సార్" అన్నాడు. 1,400 కట్టించుకున్నాడు. మా ఆవిడ ఆ రాత్రి నోరు విప్పలేదు.

మర్నాడు తిరుగు దారిలో చింతచెట్టు కింద ఒక అవ్వ బుట్ట పెట్టుకుని కూర్చుంది. నల్లటి కలివి పండ్లు, ఎర్రబారిన ఈత గెలలు, నాగజెముడు పండ్లు. దొన్నె కలివి పండ్లు 20, ఈత గెల 30. పాప నాగజెముడు పండుకి చెయ్యి చాపింది. అవ్వ లాగేసుకుంది. "నూగు ఉంటాది తల్లీ, నాలిక్కి గుచ్చుకుంటే రెండు దినాలు ఏడస్తావు." పండుని గరుకు రాయి మీద దొర్లించి దొర్లించి రుద్ది, తోలు తీసి ఇచ్చింది. లోపల గోరింటాకు పండినంత ఎరుపు. పాప నాలుక, పళ్ళు, గౌను అన్నీ ఎర్రబడ్డాయి. దానికి డబ్బు తీసుకోలేదు.

మా బావ జోధ్‌పూర్‌లో కేర్ సాంగ్రీ కూర తిని, ఎండు సాంగ్రీ కిలో 1,200కి తెచ్చుకున్న మనిషి. ఆ సాంగ్రీ మన జమ్మిచెట్టు కాయలే. ఎడారివాళ్ళు వాటిని ఎండబెట్టి ఏడాదంతా వండుకుంటారు. మనం దసరాకి ఆకు తెంపుకుని కాయ సంగతే మరిచాం. బుట్ట ముందు కూర్చుని బావ ఇదంతా చెబుతుంటే, మా ఆవిడ రెండో దొన్నె ఖాళీ చేసింది.

తలకోన వెళ్తే భోజనం తిరుపతి నుంచి కట్టుకెళ్ళండి. తెలియని కాయ సొంతంగా కోసి తినకండి, అది అభయారణ్యం కూడా. అవ్వలాంటి వాళ్ళ దగ్గర కొనండి, బేరమాడకండి.

ఈత గెల మీద ఉప్పునీళ్ళు చల్లి గోనెపట్టాలో చుట్టమంది అవ్వ. చుట్టాం. మర్నాడు ఉదయానికి సగం నల్లబడి, వంటింటి నిండా తీపి వాసన.